చెవితో తూచిన పెట్రోలు

తాండూరు బంకులో బండి ఆపగానే పంపు దగ్గరి కుర్రాడు అడుగుతాడు: "సాదానా అన్నా, పవరా?" పవర్ అనేది హిందుస్థాన్ పెట్రోలియం వాళ్ల పేరు. భారత్ పెట్రోలియం వాళ్లది స్పీడ్, ఇండియన్ ఆయిల్ వాళ్లది ఎక్స్‌పీ 95. ఏ బంకుకు పోయినా జనం నోట్లో అన్నీ పవరే. నాపరాళ్ల గనికి పనికి పోయే మనిషి "సాదానే కొట్టు తమ్మీ, వంద రూపాయలది" అంటాడు. ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి అనంతగిరి గుట్టల మీదికి వచ్చే బుల్లెట్ కుర్రాళ్లు వికారాబాద్‌లో ఆగి పవర్ పోయించుకుంటారు. రెంటికీ మధ్య లీటరుకు ఏడెనిమిది రూపాయలు, కంపెనీని బట్టి కాస్త అటూఇటూ.

ఈ ఏడెనిమిది రూపాయలు తాండూరు వాళ్లకు ఇంకో లెక్కలోనూ తెలుసు. సేడం వైపు పోయి కర్ణాటకలో అడుగుపెడితే సాదా పెట్రోలే దాదాపు అంత తక్కువకు దొరికేది. 2024 మార్చిలో ఆయిల్ కంపెనీలు లీటరుకు రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో రేటు 107.41 రూపాయలైతే బెంగళూరులో 99.84. పెట్రోలు మీద మన వ్యాట్ 35.2 శాతం, అక్కడ అప్పటికి 25.92. ఆ జూన్‌లో కర్ణాటక కూడా పన్నును 29.84 శాతానికి పెంచడంతో తేడా నాలుగున్నర రూపాయలకు దిగింది.

సరిహద్దు అవతలి తేడా పన్నుది. అది అర్థం కావడానికి కష్టం లేదు. ఒకే బంకులో పక్కపక్కనే ఉన్న రెండు నాజిళ్ల తేడా మాత్రం ఒక అంకెది. ఒకదాని మీద 95 అని రాసి ఉంటుంది. ఏమీ రాయకపోయినా రెండోది కనీసం 91 ఉండాలని బీఎస్ 6 ప్రమాణం చెప్పింది. ఈ అంకెలు ఏ యంత్రం మీద, ఎవరి చేతుల్లో పుడతాయో తెలుసుకుంటుంటే ఆ పనితనానికి మొక్కాలనిపించింది. అందుకే ఈ పరిచయం.

ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూద్దాం. వికారాబాద్ దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, ఇద్దరిని ఎక్కించుకున్న పాత బండిని టాప్ గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మెలితిప్పితే ఇంజన్ లోపలి నుంచి సన్నగా, ఇనుము మీద ఇనుము తగిలినట్టు టకటకమని చప్పుడు వస్తుంది. మెకానిక్కులు నాకింగ్ అంటారు, ఇంజన్ కొట్టుకుంటోంది అని కూడా అంటారు. గేరు దించగానే ఆ చప్పుడు ఆగిపోతుంది.

సిలిండర్‌లోకి వచ్చిన గాలినీ పెట్రోలు ఆవిరినీ పిస్టన్ పైకి నొక్కుతుంది. ప్లగ్గు రవ్వ వేస్తుంది. మంట అక్కడ మొదలై అంచుల దాకా వరసగా పాకాలి. అది పాకుతుండగానే, ఇంకా అంటుకోకుండా అంచున మిగిలిన భాగం మీద వేడీ ఒత్తిడీ పెరుగుతుంటాయి. మంట తన దగ్గరికి వచ్చేదాకా ఆ భాగం ఓర్చుకోవాలి. ఓర్చుకోలేక దానంతట అదే ఒక్కసారిగా అంటుకుంటే ఆ పేలుడు అలలు సిలిండర్ గోడలను కొడతాయి. మనకు వినపడే టకటక అదే. పట్టించుకోకుండా అలాగే నడుపుతూ పోతే పిస్టన్ పైభాగం గుంటలు పడుతుంది, రింగులు విరుగుతాయి.

ఆక్టేన్ నంబర్ చెప్పేది పెట్రోలుకున్న ఈ ఓర్పు ఎంతో. అంతే చెబుతుంది. లీటరు సాదాలో ఎంత వేడి దాగి ఉందో లీటరు 95లోనూ ఇంచుమించు అంతే ఉంది. పవర్ అన్న పేరు విని అందులో బలం ఎక్కువని నమ్మి డబ్బు పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

బరువును త్రాసు చెబుతుంది, పాల చిక్కదనాన్ని లాక్టోమీటర్ చెబుతుంది. ఓర్పును ఏం చెబుతుంది? 1920ల అమెరికాలో ఇదే పెద్ద తగువు. ఇంజన్ కొట్టుకుంటే కార్ల కంపెనీలు పెట్రోలును తప్పుపట్టేవి, పెట్రోలు కంపెనీలు ఇంజన్‌ను తప్పుపట్టేవి. ఏ పెట్రోలు మంచిదో తేల్చే ఉమ్మడి కొలత లేదు. ఎవరి ప్రయోగశాలలో వాళ్లకు ఒక ఇంజన్, ఒక లెక్క.

1926లో ఇథైల్ కార్పొరేషన్‌లో పనిచేసే గ్రాహం ఎడ్గర్ అనే రసాయన శాస్త్రవేత్త దీనికి దారి చూపాడు. పెట్రోలులో వందల రకాల అణువులు కలగలిసి ఉంటాయి. వాటన్నిటినీ విడదీసి లెక్కపెట్టే పని ఆయన పెట్టుకోలేదు. స్వచ్ఛమైన రెండు ద్రవాలను కొలతకు రెండు కొసలుగా నిలబెట్టాడు. ఒకటి ఐసో ఆక్టేన్. ఎనిమిది కర్బన పరమాణువులు కొమ్మలు కొమ్మలుగా అమరిన అణువు అది. చాలా ఓర్పు ఉన్నది. దానికి 100. రెండోది నార్మల్ హెప్టేన్. ఏడు కర్బనాలు ఒకే వరసలో నిలిచిన అణువు. కొద్దిగా నొక్కితే చాలు, అంటుకుంటుంది. దానికి 0. ఈ హెప్టేన్ కాలిఫోర్నియా వైపు పెరిగే జెఫ్రీ పైన్ చెట్ల జిగురు నుంచి అప్పట్లో చాలా శుద్ధంగా దొరికేది. ఈ రెంటినీ కావలసిన పాళ్లలో కలిపితే 0 నుంచి 100 దాకా ఏ ఓర్పునైనా తయారుచేయవచ్చు. 91 పాళ్ల ఐసో ఆక్టేన్‌లో 9 పాళ్ల హెప్టేన్ కలిపితే ఎంత ఓర్చుకుంటుందో, బీఎస్ 6 ప్రమాణం ప్రకారం సాదా పెట్రోలు కనీసం అంత ఓర్చుకోవాలి. ఆ అంకెకు అర్థం ఇంతే. ఇంత శుభ్రమైన నిర్వచనం రోజూ వాడే సరుకుల్లో దేనికైనా ఉందేమో నేను వెతుకుతూనే ఉన్నాను.

పోలిక దొరికింది కానీ, పోల్చడానికి అందరికీ ఒకే ఇంజన్ కావాలి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషా మోటార్ కంపెనీ ఆ బాధ్యత తీసుకుంది. ఆ కంపెనీ అధిపతి హ్యారీ హార్నింగ్ కార్ల వాళ్లనూ పెట్రోలు వాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టిన వాళ్లలో ముఖ్యుడు. ఉమ్మడి ఇంధన పరిశోధన సంఘం పేరు మీద 1928 చివర్లో గీసిన ఇంజన్, 1929 జనవరికల్లా తయారై నిలబడింది. ఇంగ్లిషులో ఆ సంఘం పేరులోని మొదటి అక్షరాలతో దాన్ని సీఎఫ్ఆర్ ఇంజన్ అంటారు. దాదాపు వందేళ్లవుతోంది. ప్రపంచమంతటా పెట్రోలుకు నంబర్ వేసేది ఇప్పటికీ ఆ నమూనా ఇంజనే.

దాని లోపలి పనితనం దగ్గరగా చూడాల్సిందే. ఒకే ఒక సిలిండర్. లోపలి వ్యాసం 3.25 అంగుళాలు, పిస్టన్ ఎక్కిదిగే దూరం 4.5 అంగుళాలు. మన లెక్కలో 612 సీసీ. మామూలు ఇంజన్‌లో సిలిండర్ వేరు, దాని మీద బోల్టులతో బిగించే హెడ్ వేరు, మధ్యలో గాస్కెట్. ఇక్కడ సిలిండరూ హెడ్డూ ఒకే పోతలో పోసిన ఒకే ముక్క. ఆ ముక్క మొత్తం ఒక బిగుతైన తొడుగులో కూర్చుంటుంది. పక్కనున్న మర గేరును తిప్పితే, ఇంజన్ నడుస్తుండగానే, సిలిండర్ మొత్తం పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. పిస్టన్ చేరే ఎత్తు మారదు. కాబట్టి సిలిండర్ దిగినకొద్దీ పిస్టన్ పైన మిగిలే జాగా తగ్గి, మిశ్రమం మీద నొక్కుడు పెరుగుతుంది. కంప్రెషన్ నిష్పత్తి 4 నుంచి 18 దాకా ఈ ఒక్క ఇంజన్‌లో మార్చుకోవచ్చు. ఎంత దిగిందో అంగుళంలో వెయ్యో వంతు వరకూ గేజి చూపిస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. వాల్వులు సిలిండర్ హెడ్‌లో ఉంటాయి, వాటిని తెరిచే కామ్ షాఫ్ట్ కింద ఉంటుంది. సిలిండర్ లేచి దిగితే రెంటి మధ్య దూరం మారిపోవాలి, వాల్వుల సందు చెడిపోవాలి. స్కూటర్ మెకానిక్ ఫీలర్ గేజి పెట్టి ఎంతో ఓపికగా సరిచేసే సందు అది. వాకెషా వాళ్లు రాకర్ ఆర్మ్‌ను ఒక లింకు అమరికకు తగిలించారు. సిలిండర్ ఎంత ఎత్తులో ఉన్నా ఆ లింకు తనూ అంత కదిలి వాల్వుల సందును ఉన్నచోటే ఉంచుతుంది. పైకి కనపడని ఈ చిన్న అమరిక లేకపోతే నడుస్తున్న ఇంజన్‌లో నొక్కుడు మార్చడం అసాధ్యం. గీసినవాళ్ల చేతికి నమస్కారం పెట్టాల్సిన చోటు ఇదే.

మిగతాదంతా ఏదీ మారకుండా చూసుకోవడమే. ఇంజన్‌కు బెల్టుతో ఒక కరెంటు మోటారు తగిలించి ఉంటుంది. అదే స్టార్ట్ చేస్తుంది, తర్వాత వేగాన్ని నిమిషానికి 600 చుట్ల దగ్గర పట్టి ఉంచుతుంది. లోపలికి పోయే గాలి 52 డిగ్రీల దగ్గర ఉండాలి. స్పార్క్ ఎప్పుడూ పిస్టన్ పైకొసకు చేరడానికి 13 డిగ్రీల ముందే పడాలి. కార్బురేటర్‌కు ఒకటికి మించి పెట్రోలు గిన్నెలు ఉంటాయి. ఒక మీట తిప్పితే ఇంజన్ ఆగకుండా ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోని ఇంధనానికి మారుతుంది. ప్రతి గిన్నెలో మట్టాన్ని కొద్దికొద్దిగా మార్చి, ఆ ఇంధనం అన్నిటికంటే గట్టిగా కొట్టుకునే పాలు ఏదో ముందు పట్టుకుంటారు. ప్రతి పెట్రోలునూ దాని బలహీనమైన చోటనే పరీక్షించాలన్న ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

ఆ తర్వాత తూకం. తాండూరు మార్కెట్ యార్డులో కందులు తూచేవాడు ఒక రాయి వేసి, తీసి, ఇంకోటి వేసి ముల్లు నిలబడే చోటు పట్టుకున్నట్టే, ఇక్కడ ఆపరేటర్ ఒక గిన్నెలో పరీక్షించాల్సిన పెట్రోలు, మిగతా రెండు గిన్నెల్లో ముందే నంబర్ తెలిసిన ఆక్టేన్–హెప్టేన్ మిశ్రమాలు పోస్తాడు. ఒకటి దానికంటే కొంచెం ఎక్కువ కొట్టుకోవాలి, ఇంకోటి కొంచెం తక్కువ. రెంటికీ తేడా రెండు అంకెలకు మించకూడదు. మీట అటూ ఇటూ తిప్పి మూడింటి నాక్ రీడింగులు రాసుకుని, పెట్రోలు ఆ రెంటి మధ్య ఎక్కడ పడుతుందో లెక్క కడితే వచ్చేదే ఆక్టేన్ నంబర్.

ఆ రీడింగ్ తీసే పరికరం మొదట్లో ఎలా ఉండేదో చెప్పకుండా ముందుకు పోలేను. సిలిండర్‌లో ఒక పల్చని లోహపు పొర, దాని మీద నిలబెట్టిన సన్నని ఉక్కు పుల్ల. ఇంజన్ సాఫీగా నడిస్తే పుల్ల కదలదు. కొట్టుకుంటే ఎగురుతుంది. ఎగిరినప్పుడల్లా రెండు కరెంటు కొసలు కలుస్తాయి. ఆ కరెంటు ఆమ్లం కలిపిన నీటిలోంచి పోయి బుడగలు పుట్టిస్తుంది. గాజు గొట్టంలో చేరిన ఆ వాయువు ఎంతుందో చూసి ఇంజన్ ఎంత కొట్టుకుందో చెప్పేవారు. చెవికి వినపడే చప్పుడును కంటితో కొలిచే వాయువుగా మార్చిన పని అది. ఇప్పుడు ఆ చోట ఎలక్ట్రానిక్ పికప్, 0 నుంచి 100 దాకా చూపే నాక్ మీటర్ ఉన్నాయి.

ఈ పద్ధతిలో వచ్చేది రీసెర్చ్ ఆక్టేన్ నంబర్. మన 91, మన 95 అవే. అదే ఇంజన్‌ను 900 చుట్లకు పెంచి, మిశ్రమాన్ని 149 డిగ్రీలకు వేడిచేసి ఇంకా కఠినంగా కొలిస్తే వచ్చేది మోటార్ ఆక్టేన్ నంబర్. అది ఎప్పుడూ కొన్ని అంకెలు తక్కువే ఉంటుంది. అమెరికాలో పంపుల మీద ఈ రెంటి సగటు వేస్తారు. డాలస్‌లో ఉన్న మనవాళ్లు కారులో పోయించుకునే 87 ఇక్కడి 91కి సుమారుగా సమానం. అక్కడి అంకె చిన్నదని పెట్రోలు నాసిరకమనీ, ఇక్కడి అంకె పెద్దదని మనది మేలనీ అనుకోవాల్సిన పని లేదు.

పెట్రోలుకు ఓర్పు పెంచే పనిలో నాకు మనసొప్పని ఘట్టం ఒకటుంది. 1921లో థామస్ మిడ్గ్లీ అనే అమెరికన్ ఇంజనీర్ సీసం కలిపిన ఒక రసాయనం చిటికెడు పోస్తే నాకింగ్ ఆగిపోతుందని కనిపెట్టాడు. పైన చెప్పిన ఎగిరే పుల్ల పరికరం వెనకా ఆయన చేయి ఉంది. చవగ్గా నంబర్ పెరుగుతుందని ప్రపంచమంతా ఆ సీసాన్ని దశాబ్దాల పాటు గాలిలోకి వదిలింది. మన దేశంలో సీసం పెట్రోలు పూర్తిగా ఆగింది 2000 ఫిబ్రవరిలో.

సీసం పోయాక ఓర్పును రిఫైనరీలోనే పుట్టించాలి. మన తెలుగునేల మీద ఆ పని 1957లో కాల్టెక్స్ పెట్టిన విశాఖ రిఫైనరీలో జరుగుతుంది. అది ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియంది. ముడిచమురు నుంచి నేరుగా వచ్చే నాఫ్తాకు ఓర్పు తక్కువ. దాన్ని 500 డిగ్రీల అటూఇటూ వేడిలో ప్లాటినం పూసిన గుళికల మీదుగా పంపితే వరసగా ఉన్న అణువులు వలయాలుగా ముడుచుకుంటాయి. ఇంకో యూనిట్‌లో తిన్నని అణువులకు కొమ్మలు పుట్టిస్తారు. వీటికి విడిగా ఖర్చవుతుంది. 91 నుంచి 95కు ఎక్కించడానికి అయ్యే అసలు ఖర్చు ఇక్కడిదే.

కానీ మనం బంకులో ఇచ్చే ఏడెనిమిది రూపాయలూ ఆ ఖర్చుకే పోవు. తెలంగాణ వ్యాట్ శాతం లెక్కన పడుతుంది. కాబట్టి అసలు ధర పెరిగిన ప్రతి రూపాయికీ పన్ను 35 పైసలు పెరుగుతుంది. తేడా ఎనిమిది రూపాయలనుకుంటే అందులో రెండు రూపాయలు వ్యాట్‌వే. పైగా బ్రాండ్ పేరుతో అమ్మే పెట్రోలుకు కేంద్ర ఎక్సైజ్ సుంకం కూడా మామూలు దానికంటే ఎక్కువ. ఇంజన్ లోపల మసి చేరకుండా కలిపే రసాయనాలు, కంపెనీ లాభం పోగా ఓర్పు కోసం మనం కట్టేది ఆ తేడాలో కొంత భాగమే.

అయితే ఎవరికి కావాలి? రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కంప్రెషన్ నిష్పత్తి 9.5. అనంతగిరి ఎక్కే బుల్లెట్ కుర్రాడికి 91 చాలు. మిగిలిన డబ్బుతో పైన మంచి టిఫిన్ తినవచ్చు. కేటీఎం 390 లాంటి బండ్లలో ఆ నిష్పత్తి 12 దాటుతుంది. టర్బో ఉన్న పెట్రోలు కార్లూ అదే కోవలోవి. ఇలాంటి ఇంజన్లకు ఎక్కువ నంబర్ నిజంగా పనికొస్తుంది. వీటిలో చాలావాటికి నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. తక్కువ నంబర్ పోస్తే స్పార్క్‌ను కాస్త వెనక్కి జరిపి ఇంజన్‌ను కాపాడుకుంటుంది, బదులుగా కొంత లాగుడు తగ్గుతుంది. ఇంకో మాట: వికారాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. ఎత్తు పెరిగితే గాలి పలుచబడి ఇంజన్‌లో నొక్కుడు తగ్గుతుంది, నాకింగ్ కూడా కొంత తగ్గుతుంది. కొలరాడో లాంటి కొండ రాష్ట్రాల్లో 85నే సాదా కింద అమ్ముతున్నారంటే పాతకాలపు ఇంజన్ల నాటి ఈ లెక్కే కారణం.

ఇక ఎక్స్‌పీ 100 సంగతి వేరు. ఇండియన్ ఆయిల్ దాన్ని 2020 డిసెంబర్ 1న మథుర రిఫైనరీ నుంచి తెచ్చి ముందు పది నగరాల్లో పెట్టింది. ఢిల్లీలో అప్పుడే లీటరు 160 రూపాయలు. దాన్ని తయారుచేసిన ఆక్టామ్యాక్స్ పద్ధతి ఆ కంపెనీ సొంత పరిశోధన కేంద్రంలో పుట్టింది. అది మన వాళ్ల పనితనం కాబట్టి గర్వపడతాను. అది అక్కరొచ్చే బండ్లు మాత్రం వికారాబాద్ జిల్లాలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయేమో.

ఈ మధ్య లెక్క ఇంకో మలుపు తిరిగింది. 2025 నాటికి దేశమంతటా సాదా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ చేరింది. ఇథనాల్ ఆక్టేన్ నంబర్ సుమారు 108. ఒకప్పుడు 88గా, తర్వాత 91గా ఉన్న సాదా పెట్రోలు ఇథనాల్ వల్ల 95కు చేరిందని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే ప్రకటించింది. అంటే పంపు మీద 95 అని రాసి ఏడెనిమిది రూపాయలు ఎక్కువ తీసుకునే పెట్రోలుకూ, పక్కన ఏ అంకే లేని సాదాకూ మధ్య ఓర్పులో పెద్ద తేడా మిగల్లేదు. ఈ సంగతి ప్రతి బంకులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలని నా అభిప్రాయం.

ఈ నంబర్‌ను బంకులోనే సరిచూడలేం. అక్కడ కొలిచేవి వేరు, కొలవలేనివి వేరు. పొద్దున్నే 500 మిల్లీలీటర్ల గాజు జాడీలో పెట్రోలు పట్టి, అందులో హైడ్రోమీటర్ తేల్చి, పక్కన థర్మామీటర్ పెట్టి, అప్పటి వేడికి వచ్చిన రీడింగ్‌ను పట్టిక చూసి 15 డిగ్రీల సాంద్రతకు మార్చి బోర్డు మీద రాస్తారు. ట్యాంకర్‌తో వచ్చిన కాగితంలోని అంకెకూ దీనికీ తేడా ఘనపు మీటరుకు 3 కిలోలు దాటకూడదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల క్యాను అడిగితే తెచ్చి పట్టి చూపించాలి. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గితే ఆ నాజిల్ ఆపేయాలి. అడిగే హక్కు వంద రూపాయల పెట్రోలు కొట్టించుకునే మనిషికీ ఉంది. ఆ కొలతలు శ్రద్ధగా తీసే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. అయితే హైడ్రోమీటర్‌కు ఆక్టేన్ తెలియదు. సాంద్రత సరిగ్గా ఉన్నంత మాత్రాన నంబర్ సరిగ్గా ఉందనలేం. అది తేలాలంటే నమూనాకు సీలు వేసి, సీఎఫ్ఆర్ ఇంజన్ ఉన్న ప్రయోగశాలకు పంపాల్సిందే.

మళ్లీ ఇథనాల్ దగ్గరికి వస్తే, దాని ఓర్పు ఎక్కువే కానీ దానిలో వేడి తక్కువ. లీటరుకు పెట్రోలులో ఉన్న వేడిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. పాత ప్రమాణాల ప్రకారం తయారైన బైకుల్లో 20 శాతం ఇథనాల్‌తో మైలేజీ 3 నుంచి 4 శాతం, కార్లలో 6 నుంచి 7 శాతం తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. తాండూరు గనులకు, యాలాల, బషీరాబాద్ పొలాలకు తిరిగే బండ్లలో చాలా భాగం అలాంటి పాతవే. పెరిగిన ఓర్పును వాటి ఇంజన్లు వాడుకోలేవు, తగ్గిన వేడి నష్టం మాత్రం వాటికే తగులుతుంది. కంప్రెషన్ పెంచి, టైమింగ్ ముందుకు జరిపి 95ను నిజంగా పని చేయించే ఇంజన్లను గీయడం ఇప్పుడు బండ్ల కంపెనీల ఇంజనీర్ల చేతుల్లో ఉంది.